సైబీరియా నుండి వచ్చిన పక్షి ఏది?

పులికాటు సరస్సు పేరు చెప్పగానే చాలామంది తెలుగు పాఠకుల మనస్సులో ఒక బొమ్మ మెదులుతుంది. నీలినీటి మీదనుండి కొన్ని వందల ఫ్లెమింగోలు ఒక్కమారుగా లేచినవి. మెడలు ముందుకు, కాళ్ళు వెనుకకు చాచినవి. విప్పిన రెక్కలలో గులాబిరంగు, దాని అంచున చిక్కని నలుపు. ఈ బొమ్మ పత్రికల పుటలలోను, గోడ క్యాలెండర్లలోను, సూళ్ళూరుపేటలో 2001లో ఆరంభమైన ఫ్లెమింగో పండుగ ప్రకటనలలోను ఏటేటా అచ్చవుతున్నది. దాని క్రింద వ్రాసే వ్యాఖ్య కూడా దాదాపు ఒక్కటే: సైబీరియా నుండి వచ్చిన విదేశీ అతిథులు. తీసేవారు మారుతున్నారు, కెమెరాలు మారుతున్నవి. బొమ్మ మారదు, వ్యాఖ్య మారదు.

బొమ్మ అందమైనదే. దాని అందాన్ని ఎవరూ కాదనరు. అయితే ఒక ఛాయాచిత్రాన్ని ప్రకృతిశాస్త్రానికి సంబంధించినదని చెప్పి పాఠశాల గోడకు తగిలించినప్పుడు దానిని రెండు ప్రశ్నలు అడగవలసి ఉంటుంది. ఆ పక్షి ఆ క్షణంలో ఏమి చేస్తున్నది? ఎందుకు చేస్తున్నది? మొదటి ప్రశ్నకు ఈ బొమ్మ తడుముకోకుండా జవాబు చెబుతుంది: ఎగురుతున్నది. రెండవ ప్రశ్నకు అది చెప్పే జవాబు అంత ముచ్చటైనది కాదు.

ఫ్లెమింగో పగటివేళ ఎక్కువకాలం చేసే పని మేత మేయడం. తలను క్రిందుగా వంచి, ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి, నాలుకను ముందుకు వెనుకకు ఆడిస్తుంది. నాలుక ఇక్కడ పిచికారీలోని కాడవలె పనిచేస్తుంది. నీటిని లోపలికి పీల్చి బయటికి త్రోస్తుంది. ముక్కు అంచులలో దువ్వెన పండ్లవంటి పలుచని పొరలు వరుసగా ఉంటవి. నీరు బయటికి పోతుంది. సన్నని రొయ్యజాతి జీవులు, పురుగుల పిల్లలు, గింజలు లోపల చిక్కుకొంటవి. అంత పెద్ద పక్షి అంత చిన్న ఆహారంతో బ్రతకవలెనంటే గంటల తరబడి ఆ పిచికారీ ఆడుతూనే ఉండవలెను. ఆ పక్షికి ఎగరడం చౌక వ్యవహారం కాదు. పెద్ద ఫ్లెమింగో రెండు మొదలు నాలుగు కిలోల బరువు ఉంటుంది. నిలుచున్నచోటినుండి పావురంవలె లేవలేదు. నీటిమీద కొంతదూరం పరుగెత్తి, రెక్కలు కొట్టి, వేగం అందుకొన్న తరువాతనే గాలిలోకి లేస్తుంది.

ఇది తెలిసినవారు ఆ బొమ్మను మరల ఒకసారి చూడవలెను. పక్షుల కాళ్ళ క్రింద నీటి తుంపరలున్నవి. గుంపు వెనుకభాగంలో ఉన్నవి ఇంకా పరుగుతీస్తున్నవి. అన్నీ ఒకే దిక్కుకు, కెమెరాకు ఎదురుదిక్కుకు పోతున్నవి. మేత సగంలో విడిచి, ఒక వైపునుండి వచ్చిన దేనినో తప్పించుకొంటున్నవని అనుమానించడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? ఫ్లెమింగోలు తమంతట తాము ఎగరవని కాదు. ఉదయం, సాయంకాలం మేతచోటు మారుతవి. పైన గ్రద్ద తిరిగినా లేస్తవి. కాని అటువంటి ప్రయాణంలో అవి తీరిన వరుసలుగా, ఎత్తుగా పోతవి. కాళ్ళ క్రింద తుంపరలతో, ఒకదానిమీద ఒకటి పడుతున్నట్లు లేచిన గుంపు బొమ్మలో మాత్రం తీసినవాని అడుగుల చప్పుడు వినబడుతుంది. అంటే ఆ బొమ్మ పక్షి జీవితాన్ని చూపించడం లేదు. ఒక మనిషి ఎంత దగ్గరగా పోయినాడో చూపిస్తున్నది.

సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగా, అటకానితిప్ప మీదుగా పోతుంది. రెండు ప్రక్కల బురదమేటలు, పలుచని నీరు. రోడ్డుమీద ఆగిన వాహనాన్ని పక్షులు చాలావరకు లెక్కచేయవు. తలుపు తెరచి మనిషి గట్టు దిగినాడంటే మాత్రం తలలెత్తుతవి. ఈ తేడా పక్షులు చూసేవారందరూ ఎరిగినదే. వాహనంలో కూర్చొని తీసినవానికి మేస్తున్న పక్షి దొరుకుతుంది. దిగినవానికి పారిపోయే పక్షి దొరుకుతుంది. ప్రదర్శనలలో బహుమతి మాత్రం ఎక్కువగా రెండవవానికే పోతున్నది. 1976నుండి అభయారణ్యమైన చోట ఈ సంగతి ఆలోచింపదగినది.

ఇక ఆ బొమ్మలో లేనిదానిని గూర్చి. ఫ్లెమింగో పిల్ల గులాబిరంగులో పుట్టదు. మొదటి సంవత్సరం దాని ఈకలు మాసిన బూడిదరంగు, కాళ్ళు నలుపు కలసిన మట్టిరంగు. ఆహారంలోని కెరోటినాయిడ్ అనే వర్ణద్రవ్యాలు ఒంట బట్టి, కొన్ని సంవత్సరాలలో, అనేకసార్లు ఈకలు మారిన తరువాత, పెద్దల రంగు వస్తుంది. కనుక ఏ గుంపులోనైనా బూడిదరంగు పక్షులు ఎన్ని ఉన్నవో లెక్కపెడితే ఆ జాతికి ఇటీవల పిల్లలు దక్కినవా లేదా అన్నది కొంత తెలుస్తుంది. మన దేశంలో ఈ పక్షులు ముఖ్యంగా గుజరాత్‌లోని కచ్ ఉప్పుమైదానంలో, అంటే రణ్‌లో, బురదను బుట్టవలె కూర్చి గూళ్ళు కడతవి. ఆ గూళ్ళ నగరాన్ని 1940లలో సలీం అలీ చూచి వర్ణించినారు. ఒక్కొక్క గూటిలో సాధారణంగా ఒకే గ్రుడ్డు. రణ్‌లో సరిపడినంత నీరు నిలువని ఏట అక్కడ గూళ్ళే లేవవు. అంటే పులికాటు గుంపులోని బూడిదరంగు పక్షులకు కచ్‌లోని వానలతో సంబంధమున్నది.

ఈ బూడిదరంగు పక్షికి బొమ్మలో చోటు లేదు. గులాబి వరుసను పాడుచేస్తున్నదని దానిని అంచున కత్తిరిస్తారు. అది లేని మూలకు కెమెరాను త్రిప్పుతారు. ఇందులో మోసమేమీ లేదు, రంగుల పొందిక కొరకు చేసే పనియే. అయితే ఫలితం ఏమిటి? వేలకొలది ఛాయాచిత్రాలు ఉన్నవి. వాటిలో ఒక్కదానినుండి కూడా ఆ ఏటి పిల్లల నిష్పత్తి లెక్కకట్టడానికి వీలులేదు. బొమ్మలో చెప్పుకోదగిన సంగతి ఏదో దానినే ఏరి పారవేసినట్లయినది.

వ్యాఖ్య సంగతి ఇంకొకటి. ఫ్లెమింగోలు సైబీరియానుండి వస్తవన్న మాట ఎక్కడ పుట్టినదో గాని పాఠ్యపుస్తకమంత బలంగా పాతుకొన్నది. పులికాటు ఫ్లెమింగోలలో అధికభాగానికి పుట్టిల్లు కచ్ అని భావిస్తున్నారు. పశ్చిమాసియా ఉప్పుసరస్సులనుండి కొన్ని పక్షులు మన దేశానికి రావడం కద్దు. ఆ జాతి గూళ్ళు కట్టే చోట్లలో బాగా ఉత్తరాన ఉన్నది కజకిస్తాన్‌లోని తెంగిజ్ సరస్సు. మంచుగడ్డల అంచున ఉండే సైబీరియా టండ్రాలో ఫ్లెమింగో గూడు కట్టదు. పరాయి దేశంనుండి వచ్చినదంటేనే పక్షికి గౌరవం అనుకోవడం ఒక విచిత్రమైన అలవాటు. నేలపట్టులోని గూడబాతులు ఈ దేశపు పక్షులే. వాటికీ అప్పుడప్పుడు ఈ విదేశీ పట్టా తగిలిస్తుంటారు.

మరి సైబీరియానుండి నిజంగా వచ్చిన పక్షి పులికాటులో లేదా? ఉన్నది. తరచు ఆ బొమ్మలోనే ఉన్నది. ఫ్లెమింగో కాళ్ళ దగ్గర, బురద అంచున, దృష్టి కుదరక మసకబారిన కొన్ని చుక్కలుగా ఉన్నది.

బురద ఒడ్డున గుంపులు గుంపులుగా పరుగెత్తుతూ మేసే చిన్న పిట్టలను తెలుగులో ఉల్లంకులంటారు. ఆ ఒక్క పేరు క్రింద అనేక జాతులున్నవి. వాటిలో రెండింటిని ఇక్కడ తీసుకొనవచ్చును. ఒకటి లిటిల్ స్టింట్: పిచ్చుకంత పిట్ట, బరువు ఇరువది ముప్పది గ్రాములు, ఒక పెద్ద ఫ్లెమింగో బరువుకు నూరు స్టింట్లు తూగుతవి. రెండవది కర్లూ శాండ్‌పైపర్: దానికంటె కొంచెం పెద్దది, ముక్కు పొడుగై కొనలో క్రిందికి వంగి ఉంటుంది. ఈ రెండవ పిట్ట ఉత్తర సైబీరియాలో, తైమీర్ ద్వీపకల్పం మొదలుకొని తూర్పుగా ఉన్న టండ్రాలో గూడు కడుతుంది. అక్కడినుండి పులికాటుకు సూటిగా కొలిచినా సుమారు 7,000 కిలోమీటర్లు. పెద్ద పిట్టలు ముందుగా బయలుదేరుతవి. పిల్లలు దాదాపు ఒక నెల తరువాత, దారి చూపే తల్లిదండ్రులు లేకుండా, పుట్టి రెండు మూడు నెలలైనా నిండకుండానే దక్షిణాదికి ప్రయాణం సాగిస్తవి.

ఆ పిల్లలు ఇక్కడికి చేరేది శరత్తులో, సెప్టెంబరు అక్టోబరు నెలలలో. ఆ కాలపు పులికాటు క్యాలెండరు బొమ్మలోని పులికాటు కాదు. సరస్సుకు ప్రధానంగా నీరు తెచ్చేది ఈశాన్య ఋతుపవనం; అది అక్టోబరు చివరగాని పూర్తిగా అందుకోదు. సరస్సు లోతు సగటున ఒక మీటరు ఉంటే గొప్ప. ఎండాకాలంలో ఉత్తరభాగం చాలామేర ఎండి ఉప్పు పొర కడుతుంది. శరత్తు నాటికి అక్కడక్కడ పడిన జల్లులతో తడిసి, వేనాడు, ఇరకం దీవుల చుట్టూరా చీలమండ లోతు నీరు, బురద, నాచు. ప్రళయకావేరి అని స్థానిక తెలుగువారు ఈ సరస్సును పిలుస్తారు. ఆ పేరులోని ప్రళయం ఆ రోజులలో ఎంత వెదకినా కనబడదు. చూడవచ్చినవారికి దృశ్యం చప్పగా ఉంటుంది. గులాబిరంగు లేదు. బూడిదరంగు నేలమీద బూడిదరంగు పిట్టలు. కెమెరాలు వారివారి పెట్టెలలోనే ఉంటవి.

చప్పని ఆ పిట్ట వీపును దగ్గరగా చూచినవారికి మాత్రం వేరొక సంగతి తెలుస్తుంది. ఈ ఏడు పుట్టిన కర్లూ శాండ్‌పైపర్ వీపుమీది ఈకలన్నీ ఒకే ఈడువి, క్రొత్తవి. ప్రతి ఈకకు సన్నని తెల్లని అంచు, అంచు లోపల నల్లని గీత. మొత్తం మీద చేప పొలుసులు పేర్చినట్లుంటుంది. రొమ్ముమీద లేత గోధుమరంగు పూత. పెద్ద పిట్ట అదే కాలంలో పాతబట్టలవాని మూటవలె ఉంటుంది: వేసవినాటి ఇటుకరంగు ఈకలు అరిగి అక్కడక్కడ మిగిలినవి, వాటి మధ్య బూడిదరంగు క్రొత్త ఈకలు. రెండింటిని ప్రక్కప్రక్కన చూస్తే ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా పోల్చగలడు.

పోల్చి ఏమి ప్రయోజనమని అడుగవచ్చును. దానికి సమాధానం టండ్రాలో ఉన్నది. అక్కడ లెమ్మింగ్ అనే ఎలుకజాతి జంతువు సుమారు మూడు నాలుగు సంవత్సరాలకు ఒకసారి విపరీతంగా పెరిగి తరువాత ఒక్కసారిగా తగ్గిపోతుంది. ధ్రువపు నక్కకు అది ముఖ్యాహారం. లెమ్మింగులు సమృద్ధిగా ఉన్న ఏట నక్కలు పిట్టల జోలికి అంతగా పోవు. అవి తగ్గిన ఏట ఆకలిగొన్న నక్కలు పిట్టల గ్రుడ్లమీద, పిల్లలమీద పడతవి. 1987లో సమ్మర్స్, అండర్‌హిల్ అనే శాస్త్రవేత్తలు తైమీర్‌లో గూడు కట్టే బాతుజాతి పక్షుల, బురదపిట్టల పిల్లల నిష్పత్తులను సంవత్సరాలవారీగా పరిశీలించి, ఈ లెమ్మింగ్ చక్రంతో వాటికి ఉన్న సంబంధాన్ని చూపించినారు. ఆ పనికి కావలసిన లెక్కలు టండ్రాలో దొరికినవి కావు; పక్షులు శీతకాలం గడిపే దూరదేశాల ఒడ్డులమీద పోగుచేసినవి. ఎలుకలు ఎక్కడ, లెక్క ఎక్కడ! ఇటీవలి దశాబ్దాలలో గ్రీన్‌లాండ్ వంటి కొన్ని చోట్ల ఈ చక్రమే సడలిపోయినట్లు గమనించినారు. కర్లూ శాండ్‌పైపర్ సంఖ్య ప్రపంచమంతటా తగ్గుతున్నందున 2024లో దానిని ప్రమాదస్థితిలో ఉన్న జాతుల పట్టికలో చేర్చినారు. ఇప్పుడు శరత్కాలపు పులికాటులో ఒక మాసిన పిట్ట వీపు బొమ్మ ఎంత విలువైనదో ఊహించవచ్చును.

అది శరత్తుకే ఎందుకు పరిమితమన్న ప్రశ్న వస్తుంది. శీతకాలం నడిమికి ఆ పిల్లలు వీపుమీది పొలుసుల ఈకలు రాల్చి, పెద్దలవలెనే సాదా బూడిదరంగు ఈకలు తెచ్చుకొంటవి. రెక్కల మీద మిగిలిన ఒకటి రెండు పాత ఈకలను చేతిలో పట్టుకొని చూస్తే తప్ప తేడా సులభంగా తెలియదు. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ప్రతి జనవరిలో జరుగుతుంది. సరస్సుకు జనం వచ్చేదీ ఆ చలికాలపు రోజులలోనే. పక్షులెన్ని అన్న ప్రశ్నకు జనవరి మంచి నెల. పిల్లలెన్ని అన్న ప్రశ్నకు ఈ చిన్న పిట్టల విషయంలో అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి గులాబిరంగు బొమ్మ పనికిరానిదని, బూడిదరంగు పిట్ట బొమ్మ అయితే చాలునని అనుకోకూడదు. బూడిదరంగు పిట్టలను తీసేవారి బొమ్మలలోను లోపాలున్నవి. అవి ఇంకొక రకం లోపాలు.

ఈనాడు వారు మెచ్చుకొనే పద్ధతి ఏమనగా, బురదమీద బోర్లపడుకొని, పిట్ట కంటిమట్టానికి కెమెరాను దించి, ముందూ వెనుకా అంతా పాలమీగడవలె కరిగిపోయేటట్లు ఒక్క పిట్టను నిలబెట్టడం. కన్ను మెరుస్తుంది, ఈక ఈక లెక్కపెట్టవచ్చును. వయస్సు చెప్పడానికి ఇది చక్కని బొమ్మ. కాని ప్రక్కన మరొక పిట్ట లేనందున పరిమాణం తెలియదు. పిచ్చుకంత స్టింటు, మైనాకు కొంచెం తక్కువైన శాండ్‌పైపరు ఒకే ఎత్తున కనబడతవి. కాళ్ళ రంగు చూచి జాతి గుర్తుపట్టుదామంటే కాళ్ళకు బురద. నీటి లోతు తెలియదు, గుంపు తెలియదు, తేదీ చాలాసార్లు వ్రాయరు. పిట్టను సరస్సులోనుండి కోసి తెచ్చి అద్దాలపెట్టెలో పెట్టినట్లున్నది.

ఇందులో మరొక సూక్ష్మం కూడా ఉన్నది. ఈ ఏడు పుట్టిన పిట్ట మనిషిని ఎన్నడూ చూచియుండదు. టండ్రాలో దానికి నక్క భయమే గాని మనిషి భయం తెలియదు. అందువల్ల పెద్దలకంటె పిల్లలు మనిషిని దగ్గరకు రానిస్తవి. దగ్గరగా తీసిన నూరు బొమ్మలను పోగుచేసి అందులో పిల్లలు ఎనభై ఉన్నవని లెక్క తేల్చితే, ఆ ఎనభై టండ్రా సంగతి చెప్పదు, పిల్లల అమాయకత్వం సంగతి చెబుతుంది. పిల్లలు గుంపు అంచున, పెద్దలు నడుమ మేసే సందర్భాలు కూడా ఉంటవి. కనుక లెక్కకు పనికివచ్చే బొమ్మ దూరంనుండి, ఒకే చోటనుండి, గుంపునంతటిని కలిపి తీసినది. దానిలో వీపు ఈకలు తెలియవలెను, గుంపు కూడా తెలియవలెను. ఈ రెండు కోరికలు ఒకదానితో ఒకటి పోట్లాడతవి.

ఎంత దూరంనుండి ఈక అంచు తెలుస్తుందో భౌతికశాస్త్రం చదివే విద్యార్థి లెక్కకట్టవచ్చును. ఈక అంచు వెడల్పు 1 మిల్లీమీటరు అనుకొందాము. పిట్ట 50 మీటర్ల దూరంలో, అంటే 50,000 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నది. కటకపు నాభ్యంతరం 600 మిల్లీమీటర్లు అయితే ఆ అంచు ప్రతిబింబం 600ను 50,000తో భాగించినంత, అంటే 0.012 మిల్లీమీటరు వస్తుంది. కెమెరాలోని పిక్సెలు సుమారు 0.004 మిల్లీమీటరు. అంచు మూడు పిక్సెళ్ళమీద పడుతుంది, అది చాలును. ఇక జేబులోని ఫోను: దాని కటకపు నిజమైన నాభ్యంతరం 6 మిల్లీమీటర్లకు అటూఇటూ, పిక్సెలు 0.0012 మిల్లీమీటరు. అదే అంచు పిక్సెలులో పదోవంతు మాత్రమే అవుతుంది, ఏమీ తెలియదు. అయితే పక్షులు చూడడానికి వాడే ముప్పదిరెట్ల దూరదర్శిని కంటికప్పు వద్ద ఆ ఫోనును సరిగా ఆనించి తీస్తే ప్రతిబింబం ముప్పదిరెట్లు పెరిగి మరల మూడు పిక్సెళ్ళవుతుంది. ఖరీదైన పెద్ద కటకానికీ, ఒక దూరదర్శినికి ఆనించిన ఫోనుకూ ఈ ఒక్క పనిలో లెక్కప్రకారం తేడా లేదు. వెలుతురు తగ్గినప్పుడు, పిట్ట కదిలినప్పుడు తేడా ఉన్నది. అది వేరు సంగతి.

కటకం ఎంత మంచిదైనా ఎండను జయించలేదు. పొద్దెక్కిన తరువాత బురద వేడెక్కి, దానిమీది గాలి పొరలు పొరలుగా పైకి లేస్తుంది. వేడిగాలికి, చల్లగాలికి వక్రీభవన గుణకం వేరు. కాంతికిరణం ఆ పొరలగుండా వంకరలు తిరుగుతూ వస్తుంది. 50 మీటర్ల దూరాన 1 మిల్లీమీటరు అంచు చేసే కోణం డిగ్రీలో వెయ్యోవంతు కంటె కొంచెం ఎక్కువ మాత్రమే. బురదమీది గాలి ఆడే ఆట దానిని సులువుగా మించుతుంది. అందుచేత పదిగంటల తరువాత తీసిన బొమ్మలలో పొలుసుల అంచు కరిగి, పిల్ల పెద్దవలె కనబడుతుంది. ఈ పొరపాటు కెమెరాది కాదు, గడియారానిది.

ఛాయాచిత్రం పక్షిశాస్త్రానికి సాక్ష్యంగా నిలిచిన రోజులు గుర్తుచేసుకోవడం ఇక్కడ అనవసరం కాదు. ఇంగ్లండులో కియర్టన్ సోదరులు 1895లో అచ్చువేసిన పక్షిగూళ్ళ పుస్తకం నిండా స్వయంగా తీసిన ఛాయాచిత్రాలున్నవి. 1900లో వారు బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దూరి పక్షులను తీయబోయినారు. నవ్వు వచ్చే పనియే. కాని ఆ పని వెనుక ఉన్న నియమం గట్టిది: పక్షి తన పని తాను చేసుకొంటూ ఉండవలెను. నార్ఫోక్ తీరపు రెల్లుమడుగులలో పడవ ఇంట్లో కాపురముండి పనిచేసిన ఎమ్మా టర్నర్ 1911లో బిట్టర్న్ అనే కొంగజాతి పక్షి పిల్లను ఛాయాచిత్రం తీసినారు. ఎండిన రెల్లురంగులో ఉన్న పిల్ల, చుట్టూ రెల్లు. గదిలో అలంకారానికి ఎవరూ తగిలించుకోరు. అయితే ఆ దేశంలో గూడు కట్టడం మానివేసినదనుకొన్న పక్షి తిరిగి వచ్చి పిల్లలను లేపినదనడానికి ఆ చిత్రమే మొదటి రుజువయినది.

వారికి ఒక సౌకర్యముండినది. వసంతంలో పక్షి గూటికి కట్టుబడి ఉంటుంది. తీసేవాడు ఒకచోట దాగి కూర్చుంటే పక్షియే తిరిగి వస్తుంది. అది పక్షికి ప్రమాదకరమైన సౌకర్యమే అయినందున నేడు గూళ్ళ దగ్గర ఛాయాచిత్రాలను చాలామంది నిరసిస్తున్నారు. శరత్తులో గూడు లేదు. పిట్టను ఒకచోట కట్టివేసేది ఏదీ లేదు. అందుకే వెంటబడడమనే అలవాటు పుట్టినది. నిజానికి శరత్తులోను పిట్ట తిరిగివచ్చే చోటు ఒకటి ఉన్నది: నీటి అంచు. గాలి ఎటు త్రోస్తే ఈ పలుచని నీరు అటు జరుగుతుంది. నీటితో అంచు జరుగుతుంది. అంచుతో ఉల్లంకులు జరుగుతవి. ఆ అంచు ఎటు వస్తున్నదో గమనించి ముందుగా పోయి కూర్చున్నవాని దగ్గరకు పిట్టలే నడచివస్తవి. దీనిని పడవ నడిపే జాలరులు ఎవరూ చెప్పకుండానే ఎరుగుదురు.

సరస్సు చుట్టుప్రక్కల ఊళ్ళ ఉన్నత పాఠశాలలకు ఈ విషయంలో ఉన్న వసతి పట్టణాలనుండి కారులో వచ్చిపోయేవారికి లేదు. రోడ్డుమీద గుర్తుగా ఒక రాయి పెట్టుకొని, సెప్టెంబరు మొదలు వారానికొక ఉదయం, ఏడుగంటలకు, అదే రాయి దగ్గరనుండి అదే దిక్కుకు రెండు బొమ్మలు తీయవచ్చును. ఒకటి నీరు, బురద, గుంపు అంతా వచ్చేటట్లు. రెండవది దూరదర్శినిద్వారా గుంపులో కొంతభాగం. పొలుసుల వీపులెన్ని, అతుకుల వీపులెన్ని అన్నది తరగతిలో కూర్చొని ఇద్దరు విద్యార్థులు విడివిడిగా లెక్కపెట్టవలెను. ఇద్దరి లెక్క కలవకపోతే మూడవవాడు చూడవలెను. కలవలేదన్న సంగతి కూడా వ్రాసిపెట్టవలెను. ఫోను తనంతట తానే తేదీని, వేళను బొమ్మలో దాచుకొంటుంది గనుక ఆ శ్రమ తప్పినది. అట్టి బొమ్మలను, లెక్కలను ఈబర్డ్ వంటి అంతర్జాతీయ పట్టికలలో చేర్చడానికి నేడు అందరికీ వీలున్నది. ఒక సంవత్సరపు లెక్క ఏమీ చెప్పదు. అయిదారు శరత్తులు గడిచినప్పుడు ఏ యేడు పిల్లలు విరివిగా వచ్చినవి, ఏ యేడు రాలేదు అన్న గీత ఒకటి గోడమీద ఏర్పడుతుంది. గులాబి రెక్కల క్యాలెండరు ప్రక్కనే దానిని తగిలించవచ్చును.

ఆ బొమ్మల క్రింద వ్యాఖ్య ఎట్లుండవలెను? ఫలానా తేదీ, ఫలానా వేళ, నీరు చీలమండ లోతు, ఈశాన్యపు గాలి, కర్లూ శాండ్‌పైపర్లు నలుబది, అందులో ఈ యేటి పిల్లలు తొమ్మిది, మేస్తున్నవి, ఎవరి రాకకూ లేవలేదు. ఇంతకంటె పొడుగైన వర్ణన అక్కరలేదు. సైబీరియా పేరు వ్రాయదలచినవారు ఇక్కడ వ్రాయవచ్చును.

అక్టోబరు చివర ఈశాన్య ఋతుపవనం అందుకొంటుంది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు నీరు తెస్తవి. బురదమేటలు ఒకటొకటిగా మునుగుతవి. ఉల్లంకులు గుంపులు చీలి ఉప్పుకయ్యలకు, చెరువుల అంచులకు, ఇంకా దక్షిణాదికి పోతవి. ఉన్నవాటి వీపుమీది పొలుసులు రోజురోజుకు రాలుతుంటవి. కొద్ది వారాలకు నీటి నడుమ గులాబి గీతలు కనబడతవి. అప్పుడు సూళ్ళూరుపేట దారిలో కెమెరాల కార్లు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరుతవి.